వాదీ ఒడ్డుకు మూడు నమూనాలు

ఇంతవరకు నడిచిన కథను తూకం వేస్తే ఇంతే తేలుతుంది. మస్కట్ అవతల ఖురియాత్‌లో వాదీ ఒడ్డున, ఖల్ఫాన్ అని, అంగళ్ళవాళ్ళు అర్బాబ్ అని పిలిచే ఆసామికి, ఏడు షట్టర్ల అంగళ్ళ లైను ఒకటి ఉండేది. ఏడాది పొడుగునా గులకరాళ్ళు పరుచుకుని పడుకునే ఆ వాగు, పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, ఊళ్ళో ఎండ కాస్తుండగానే కొండల్లో కురిసిన వాననంతా మోసుకొచ్చింది. ఏడు షట్టర్లూ పోయాయి. కడప నుంచి వచ్చి అక్కడే చాయ్, కిరాణా అమ్ముకుంటూ తల నెరిసిన ఖాదర్‌వలి రెండు షట్టర్ల అంగడి పోయింది. ఆ అంగడిలో చాయ్ కాచే జగిత్యాల పోచన్న పోయాడు. సరుకు మళ్ళీ తెచ్చుకోవచ్చు. పోచన్నను ఏ హోల్‌సేల్ వాడూ ఇవ్వడు.

ఇప్పుడు అర్బాబ్ మళ్ళీ కట్టిస్తానన్నాడు. పాపం పెద్దమనిషి, అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఎలా కట్టాలో అంగళ్ళవాళ్ళంతా కూర్చుని తేల్చండి, చేతులెత్తండి, ఎక్కువ చేతులు దేనికి లేస్తే అదే కడతాను అన్నాడు. ఒక్కడు తేలిస్తే పూటలో తేలే పని, పదిమంది తేలిస్తే పది పూటలకు కూడా తేలదు. ఇది అంగడి పెట్టిన ప్రతివాడికీ తెలుసు.

ఖాదర్‌వలికి ఈ కట్టడంలో అంగడి కాక ఇంకొకటి రావాల్సి ఉంది. అతని భార్య జైనబీ అర్బాబ్ ఇంట్లో వంటమనిషి. ఆమె పడక ఆ ఇంటి వెనక గదిలో. ఇతని పడక బియ్యం బస్తాల మధ్య. ఒకే ఊళ్ళో ఉంటూ శుక్రవారం తప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకోని కాపురం వాళ్ళది. కూతురు షబానా కడపలో హాస్టల్లో చదువుతోంది. కొత్త లైను లేచిన రోజున ఖాదర్ అంగడి వెనక ఫ్యామిలీ రూమ్ ఒకటి వేయిస్తానని అర్బాబ్ మాట ఇచ్చాడు. తలుపు, గడియ, కిటికీ ఉన్న గది. ముగ్గురూ ఒకే కప్పు కింద పడుకునే గది.

అందుకని ఖాదర్‌వలి ఈ శుక్రవారం సబ్లాకు ఒట్టి చేతులతో రాలేదు. ఐదు ఓట్లు ముందే మూటగట్టుకుని వచ్చాడు.

సబ్లా అంటే ఊరి మంచీ చెడూ మాట్లాడుకునే హాలు. గోడల వెంట పరుపులు, మధ్యలో తివాచీ. అక్కడ ఎంత తొందర పనైనా ఖర్జూరం, కహ్వా అనే అరబ్బు కాఫీ అయ్యాకే మొదలు. చిన్న గిన్నెలో పోసిన కహ్వా తాగి, గిన్నెను కాస్త ఊపి ఇచ్చేస్తే ఇక చాలని. ఊపకుండా ఇస్తే మళ్ళీ నింపుతారు. నమూనాలు గీసి తెచ్చిన నవీన అనే అమ్మాయికి ఈ సంగతి తెలియదు. రాజమండ్రి పిల్ల, మస్కట్‌లోని ఖురంలో పెద్ద ఆఫీసులో డిజైనర్. అక్కడ కాఫీ మెషిన్ ఇస్తుంది, మెషిన్ ఎవర్నీ బలవంతం చేయదు. ఆ అమ్మాయి మర్యాదగా గిన్నె తిరిగివ్వడం, పోసేవాడు మర్యాదగా నింపడం, ఇలా సాగిపోతోంది. ఖాదర్‌వలి పక్కనే కూర్చుని చూశాడు. చెప్పలేదు. ఎదుటి అంగడివాడు నూనె ఒలకబోసుకుంటుంటే పరుగెత్తి ఆపే వ్యాపారి ఎక్కడా ఉండడు. చివరికి వంటగది తలుపు దగ్గర నుంచి, కహ్వా కాచడానికి వచ్చిన జైనబీయే చేత్తో సైగ చేసి గిన్నె ఎలా ఊపాలో చూపించింది. అప్పటికే నవీన ఏడో గిన్నెలో ఉంది.

అర్బాబ్ చిన్నతనంలో బొంబాయి పడవల్లో తిరిగినవాడు. హిందీ ధారాళం, ఈ అంగళ్ళవాళ్ళ పుణ్యమా అని తెలుగు కూడా అర్థమవుతుంది. "యల్లా, చూపించమ్మా," అన్నాడు.

నవీన ప్రొజెక్టర్‌తో గోడ మీద బొమ్మ వేసింది. నీలాకాశం, పచ్చగడ్డి, తెల్లటి అంగళ్ళు, నడుమ ఫౌంటెన్. జనం నవ్వుకుంటూ నడుస్తున్నారు. ఒక పిల్లాడి చేతిలో గాలిబుడగ. ముందు వరసలో మోకాళ్ళ పైకి లాగు వేసుకున్న తెల్లామె ఒకతె బొచ్చుకుక్కను పట్టుకుని వస్తోంది.

అర్బాబ్ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. "ఆ కుక్క ఎవరిది?"

"అది ఎవరిదీ కాదు సార్. బొమ్మలో కళగా ఉంటుందని పెడతాం."

"ఆమెది ఏ ఊరు?"

"ఆవిడ కూడా అంతే సార్."

"ఈ ఎండలో ఆమె ఎందుకు నవ్వుతోంది?"

నవీన తనూ ఆ తెల్లామె వైపు తిరిగి చూసింది. ఖాదర్‌వలి ఇదే అదనని తెలుగులో అందుకున్నాడు. "తల్లీ, ఇంతమంది తిరుగుతాండారు గదా. ఒక్కరి చేతిలోనన్నా సంచీ ఉండాదా చూడు. ఒక్కరూ ఏం కొనలా. ఆ పిల్లోని గాలిబుడగ కూడా యాడనో కొనుక్కోని వచ్చినట్టుండాది. మా లైన్లో బుడగలమ్మేటోడే లేడు."

హాలంతా నవ్వింది. నవీన కూడా నవ్వింది కానీ వెంటనే గొంతు తగ్గించి, "ఫౌంటెన్ మాత్రం ఉండాలండి. అది పోచన్న గారి గుర్తుగా," అంది.

పోచన్న తమ్ముడు గణపతి గోడకానుకుని కూర్చున్నాడు. మేస్త్రీ పని. సైట్‌లో డ్యూటీ మార్పించుకుని వచ్చాడు. అంగడి లేకపోయినా అన్న తరఫున అతనికీ ఒక మాట చెప్పే హక్కుందని అర్బాబే పిలిపించాడు.

"అమ్మా, ఏమనుకోకు," అన్నాడు గణపతి. "మా అన్న నీళ్ళల్ల పోయిండు. ఆయన గుర్తుకు మల్ల నీళ్ళే పెడ్తవా? కరెంటు షాకుతోని పోయినోనికి ట్రాన్స్‌ఫార్మర్ పెడ్తరా?"

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. గణపతే ముందు నవ్వాడు గనుక మిగతావాళ్ళు నవ్వారు. వాళ్ళ నవ్వు ఆగే వేళకు అతను నవ్వడం లేదు.

నవీన ముఖం ఎర్రబడింది. "నిజమేనండి. ఆ మాట నాకు తట్టలేదు. తీసేస్తున్నాను," అని మొదటి బొమ్మను తనే పక్కకు తోసేసింది.

ఖాదర్‌వలి మనసులో ఒక గుర్తు వేసుకున్నాడు. ఒకటి కొట్టేసినట్టే. అమ్మాయిని మెచ్చుకున్నాడు కూడా. పుచ్చిన సరుకును మొండిగా అమ్మజూసేవాడు చిన్న వ్యాపారి. ముందే తీసి పారేసేవాడు ముందుకొస్తాడు.

రెండో బొమ్మ పడింది. లావుపాటి స్తంభాలు, వాటి మీద అంగళ్ళు, ఒక పక్క మెట్లు. కుక్క ఇందులోనూ ఉంది, ఈసారి మెట్లెక్కుతోంది.

"ఏందమ్మా ఇది, అంగళ్ళు అటక మీద పెట్టినావే?" అన్నాడు ఖాదర్‌వలి.

"వాదీ ఎంత వచ్చినా నీళ్ళు కింద నుంచి పోతాయి బాబాయ్ గారూ."

"నీళ్ళు కింద నుంచి పోతాయి. గిరాకీ కూడా కింద నుంచే పోతాది."

"మెట్లున్నాయి కదండీ."

"మెట్లు దేవుని కోసం ఎక్కుతారు తల్లీ. చాయ్ కోసం ఎక్కరు."

"లిఫ్ట్ పెడదామండి."

"కారును కూడా ఎక్కిస్తాదా?"

నవీనకు అర్థం కాలేదు. ఖురంలో జనం కారు ఎక్కడో ఆపి, చల్లటి మాల్‌లోకి నడిచిపోతారు. ఖురియాత్‌లో అంగడి నడిచే తీరు వేరు. బండి తెచ్చి అంగడి ముందు ఆపుతారు. దిగరు. అద్దం కూడా పూర్తిగా దించరు. హారన్ కొడతారు. లోపలివాడు పరుగెత్తాలి. రెండు కరక్ అంటే రెండు చాయ్‌లు, ఒక రొట్టె అంటే రొట్టె, నెత్తికి నూనె అంటే నూనె, కిటికీలోంచే అందించాలి. హారన్ ఎవరి బండిదో విని, మనిషి నోరు తెరవక ముందే చక్కెర ఎంతో పోచన్నకు తెలిసిపోయేది. కొడుకు నిఖాకు పిలుపులు ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దమనిషి కూడా కారు దిగకుండా హారన్ కొట్టే పిలిచి వెళ్ళాడు.

ఇదంతా ఖాదర్‌వలి చెబుతుంటే మధ్యలో మంగలి అక్బర్ లేచాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. "మియా, హారన్ సంగతి తర్వాత. ముందు బాత్రూమ్ సంగతి తేల్చండి. బొమ్మలో నాకు దిక్కు తెలియట్లేదు. కూర్చున్నప్పుడు ముఖం గానీ వీపు గానీ కిబ్లా వైపు, అంటే మనం నమాజు చేసే పడమర వైపు, ఉండొద్దు. అట్లుంటే నేను చెయ్యెత్త."

"మీరట్లంటే మాకూ వాస్తు ఉంటది గద అక్బర్ భాయ్," అన్నాడు గణపతి. "నేను మేస్త్రీని. ఎన్ని ఇండ్లు కట్టిన. దిక్కు తప్పితే ఇంట్ల శాంతి ఉండదు."

"వాస్తు మీ ఇంట్ల. ఇది అర్బాబ్ జాగా."

"వాదీ అర్బాబ్‌నడిగి వచ్చిందా? శాస్త్రం గూడ అంతే."

మాట మాట పెరిగింది. టైర్ల పంక్చర్లు వేసే అర్ఫాత్ అక్బర్ పక్షం పట్టాడు. సైకిళ్ళవాడు గణపతి పక్షం. అక్బర్ మసీదు పెద్దను అడుగుదామన్నాడు. గణపతి మంచిర్యాల సిద్ధాంతికి ఫోన్ కలిపాడు. అర్బాబ్ మధ్యలో రెండు ఖర్జూరాలు తిన్నాడు. నవీన చివరికి ఒక కాగితం మీద అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీసి, "అక్బర్ గారూ, మీకెటు ఉండాలి?" అంది. అక్బర్ వేలు నిలువు గీత మీద పెట్టాడు. ఉత్తరం, దక్షిణం. "గణపతి గారూ, మీకు?" గణపతి వేలు వచ్చి అక్బర్ వేలి మీద పడింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫోన్‌లో సిద్ధాంతి హలో హలో అంటూనే ఉన్నాడు. ఆ రోజు సభలో అందరూ కలిసి ఒప్పుకున్న సంగతి అదొక్కటే. గెలిచిన వాడు లేడు, ఓడిన వాడు లేడు, గొంతులు మాత్రం ఇద్దరివీ బొంగురుపోయాయి. ఇలాంటి బేరాలు లోకంలో సగం ఉంటాయి.

"ఇక మూడోది," అన్నాడు ఖాదర్‌వలి ఓపిక పట్టలేక.

మూడోది బొమ్మ కూడా కాదు. ఖాదర్‌వలి మాట మీద ఒక కాంట్రాక్టరు గీసిచ్చిన గీత. పాత ఒడ్డునే, పాత లైనే, కొత్త సిమెంటుతో. షట్టర్లన్నీ రోడ్డు వైపు, ముందు కార్లు ఆగే జాగా, ఖాదర్ అంగడి వెనక ఒక చదరం. ఆ చదరమే గది.

"ఇందులో కుక్క లేదు, తెల్లామె లేదు. గిరాకీ ఉండాది," అన్నాడు. "ఇది కావాలనేవాళ్ళు చేతులెత్తండప్పా."

ఐదు చేతులు కదిలాయి. అంతలో నవీన, "ఒక్క నిమిషం బాబాయ్ గారూ," అంది. కహ్వా ఇప్పుడు ఆమె తలకెక్కి బాగా పనిచేస్తున్నట్టుంది. "ఇందులో ఎవరి షట్టర్ ఏదో రాసి లేదు. చెయ్యెత్తే ముందు ఎవరిది ఎక్కడో వేలు పెట్టి చూపించండి. నేను రాసుకుంటాను."

ఖాదర్‌వలి కాగితం మడవబోయాడు, ఆలస్యమైంది.

అక్బర్ వచ్చి ఖాదర్ అంగడి పక్క షట్టర్ మీద వేలు పెట్టాడు. అర్ఫాత్ వచ్చి అక్కడే పెట్టాడు. సైకిళ్ళవాడు ఇటు పక్కది చూపించాడు. గ్యాస్ బండలవాడు వచ్చి సైకిళ్ళవాడి చెయ్యి తీసి పక్కన పెట్టి తన వేలు పెట్టాడు. లాండ్రీవాడికి వేలు పెట్టడానికి చోటు దొరకలేదు.

చాయ్ అంగడి పక్కన షట్టర్ అంటే దాని విలువే వేరు. అక్కడ ఆగిన కారు రెండు పనులు చూసుకుని పోతుంది. అంగడికి రెండే పక్కలుంటాయి. ఖాదర్‌వలి ఐదుగురికి పక్క ఇచ్చాడు.

"క్యా మియా, నాతో ఏం చెప్పినవ్?" అన్నాడు అక్బర్. "గంగిగోవులా తల ఊపి, నీకు కాక ఎవరికిస్తా భాయ్ అన్నవ్."

"నాతోనూ అదే అన్నాడు," అన్నాడు అర్ఫాత్.

"ఇస్తానన్నది నిజమే," అన్నాడు ఖాదర్‌వలి తడుముకోకుండా. "మనసులో అందరూ నా పక్కనే ఉండారప్పా. సిమెంటుకు ఆ సంగతి తెలీదు."

వంటగది తలుపు దగ్గర జైనబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, సిగ్గుకో ఖాదర్‌కు తెలియలేదు. ఐదు ఓట్ల మూట ముడి జారిపోతున్న సంగతి మాత్రం తెలుస్తోంది. ఏదో ఒకటి చేయాలి, ఇప్పుడే చేయాలి అనుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడు బయట హారన్ మోగింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా.

ఐదుగురూ లేచారు. ఆలోచించి లేవలేదు. అక్బర్ భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. అర్ఫాత్ తివాచీ అంచు తట్టుకుని తూలాడు. ఖాదర్‌వలి అందరికన్నా ముందు గుమ్మం దాటి, "ఎన్ని కరక్?" అని అడిగేశాడు కూడా. బయట చేపల బండివాడు దారికి అడ్డంగా పెట్టిన కారు తీయమని హారన్ కొడుతున్నాడు. అతను ఖాదర్‌ను ఎగాదిగా చూసి, "చాయ్ ఎక్కడుందయ్యా, నీ అంగడే లేదు కదా," అన్నాడు.

లోపల అర్బాబ్ కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. "రా ఖాదర్, కూర్చో. అంగడి కొట్టుకుపోయినా కాళ్ళు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి."

ఖాదర్‌వలి సిగ్గుపడలేదు. పడిపోయిన సరుకు ఎత్తుకుని అదే కొత్త సరుకంటూ అమ్మగలిగినవాడు అతను. నవీన వైపు తిరిగాడు. "చూసినావా తల్లీ? ఇదీ మా లైను. నువ్వు మెట్లు కట్టు, గడ్డి పెంచు, ఏమన్నా చెయ్యి. హారన్‌కూ మా కాళ్ళకూ మధ్య ఏం పెట్టినా అంగడి చచ్చిపోతాది."

నవీన పెన్ను తీసి ఏదో రాసుకుంది. "ఇది నాకు ముందే చెప్పి ఉండాల్సిందండి," అంది. ఆ గొంతులో ఓడిన చప్పుడు ఉంది. అక్బర్ కూడా మెత్తబడ్డాడు. పక్క దొరక్కపోయినా హారన్ దొరికితే చాలనుకున్నట్టున్నాడు. చేతులు మళ్ళీ లేవబోతున్నాయి.

"మా అన్న గూడ గిట్లనే లేసిండు," అన్నాడు గణపతి.

గట్టిగా అనలేదు. అయినా అందరూ విన్నారు.

"ఆ దినం హారన్ పడ్డది. ఎండ గొడ్తుండె. వాదీ వచ్చిందని ఎవ్వనికి తెల్వది. గిరాకీ అనుకోని రెండు చాయ్‌లు పట్టుకోని ఉరికిండు. పోయి చూస్తె కారు నీళ్ళల్ల ఉన్నది, లోపల పిల్లలున్నరు. అక్బర్ భాయ్‌కి ఎరుకే."

అక్బర్ తల దించుకున్నాడు. పోచన్న కిటికీలోంచి లాగి అందించిన ఇద్దరు పిల్లలను గట్టు మీద నిలబడి అందుకున్నది అతనే. మూడోసారి చేతులు చాచినప్పుడు కారు లేదు, పోచన్న లేడు.

"హారన్ వింటే లేస్తరు. అది గిరాకీయా ఆపదా అని అడుగరు. మా అన్న అడుగలే," అన్నాడు గణపతి. "నేను లైను వద్దంటలేను ఖాదర్ సేటూ. గా ఒడ్డున వద్దంటున్న."

ఖాదర్‌వలి దగ్గర దీనికి జవాబు ఉంది. పది నెలలుగా తనకు తను చెప్పుకుంటున్న జవాబే. "గణపతీ, పోచన్న నీకు అన్న. నాకు కుడిచెయ్యి. కానీ ఒకటి ఆలోచించు నాయనా. వాదీ ఎప్పుడో ఒకతూరి వస్తాది. గిరాకీ దినామూ వస్తాది. దినామూ వచ్చేదాన్ని వదులుకోని, ఎప్పుడో వచ్చేదానికి భయపడితే ఏ అంగడీ తెరవలేము. ఆ ఒడ్డు మంచి జాగా. నేను పూచీ."

అర్బాబ్ ముఖంలో నవ్వు పోయింది. అతను ఖాదర్‌ను దగ్గరకు పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, మూడో కాగితం తివాచీ మీద పరిచాడు. చదరం మీద వేలు పెట్టాడు.

"ఇది నీ గది. కదా?"

"అవును అర్బాబ్."

"వాదీ ఇక రాదంటావు."

"వచ్చినా ఎప్పుడో."

"సరే. నీ మాట మీద ఇక్కడే కట్టిస్తాను. రేపే మేస్త్రీలను పిలుస్తాను. ఒక్కటి చెప్పు. ఈ గదిలో జైనబీని పడుకోబెడతావా? నీ బిడ్డను పడుకోబెడతావా? అవునంటే ఖలాస్, ఎవరూ చెయ్యెత్తనక్కర్లేదు."

ఇంతకన్నా సులువైన బేరం ఖాదర్‌వలి బతుకులో రాలేదు. ఒక్క మాట. అంగడి వస్తుంది, గది వస్తుంది, శుక్రవారాల కాపురం తీరిపోతుంది. 'అవును' అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట వెనకే షబానా వచ్చింది. కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చుంది. తన బిడ్డ. హారన్ వినబడితే ఎందుకని అడక్కుండా లేచే రక్తమే అదీ.

వంటగది తలుపు వైపు చూశాడు. జైనబీ చేతిలో కొంగు లేదు. ఆమె కూడా అతని నోటినే చూస్తోంది.

"పెట్టను అర్బాబ్," అన్నాడు.

నిఖా నాడు ఖుబూల్ అన్న తర్వాత, లాభనష్టాలు చూసుకోకుండా అతని నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే.

అర్బాబ్ కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "నువ్వు నీ బిడ్డను పెట్టని చోట నేను ఇంకెవరి బిడ్డను పెట్టాలి? పోచన్న కూడా ఎవరో ఒకరి బిడ్డే కదా. ఖలాస్. అక్కడ ఏమీ కట్టను. ఆ జాగా వాదీది. వాదీకే వదిలేస్తాను. నాకు ఊళ్ళో ఇంకో జాగా లేదు. మీ ఏర్పాట్లు మీరు చూసుకోండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ ఒకేసారి అరిచారు. ఏడు షట్టర్లు రెండోసారి పోయాయి. మొదటిసారి వాదీ మింగింది, రెండోసారి ఖాదర్‌వలి నిజాయితీ మింగింది. వాదీ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు కాబట్టి ఆ కోపం కూడా కలిపి ఖాదర్ మీదే పడింది.

"నీ పక్కన షట్టర్ ఇస్తనంటివి," అన్నాడు అక్బర్, "ఇప్పుడు నా పక్కన నిన్నెవరు కూర్చోనిస్తరు?"

"అవును అనుంటే నీ సొమ్మేం పోయేదయ్యా? గది వేరే చోట తీసుకోనుంటే సరిపోయేది కదా!" అన్నాడు లాండ్రీవాడు.

ఆ ఉపాయం ఖాదర్‌వలికి అప్పుడే తట్టింది. ఆలస్యంగా తట్టినందుకు బాధ కలగాలి. కలగలేదు. అదే అతనికి వింతగా ఉంది. గణపతి ఒక్కడే వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఒక ఖర్జూరం తీసి చేతిలో పెట్టాడు.

నవీన కాగితాలు సర్దుకుంటూ ఆగింది. "సార్, గట్టున, రోడ్డు పక్కన ఎక్కడైనా కాస్త జాగా ఉంటే... కారు నేరుగా కిటికీ దాకా వచ్చేలా, వాదీకి అందకుండా, నేను ఒక్క రోజులో గీసిస్తాను. ఇప్పుడు నాకు తెలిసింది ఎలా గీయాలో. కుక్క లేకుండా."

"గట్టున జాగా ఎక్కడిదమ్మా?" అన్నాడు అర్బాబ్.

"ఉండాది అర్బాబ్," అన్న గొంతు ఆడగొంతు.

జైనబీ వంటగది గడప దాటి హాల్లోకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ తివాచీ మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. "ఖర్జూరం తోట, పెద్ద రోడ్డు మలుపులో. ఎత్తు మీద ఉండాది. వాదీ దాని దరిదాపులకు రాలేదు. ఆ ఒడ్డు మీద గదంటే భయమేసి, నేనే పోయి మాట్లాడొచ్చినా."

ఖాదర్‌వలి నోరు తెరిచాడు. తనకు తెలియకుండా తన ఇంట్లో ఒక బేరం జరిగింది. అదీ జాగా బేరం.

"ఎవరి తోట?" అన్నాడు అర్బాబ్. అడగడంలోనే అతని గొంతు మారింది. రోడ్డు మలుపులో ఎత్తు మీద ఉన్న తోట ఊళ్ళో ఒక్కటే.

"మీ అక్కది. మౌజా అమ్మది."

 కాలువ నీళ్ళ వంతు దగ్గర ఎప్పుడో మాటామాటా వచ్చి విడిపోయిన అక్కాతమ్ముళ్ళు వాళ్ళు. అక్క ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తుందని అర్బాబ్ మస్కట్‌కు కూడా చుట్టుదారిలో వెళతాడు. ఆ పేరు అతని ముందు ఎత్తిన వాడికి అతని ఇంట్లో మళ్ళీ కహ్వా పుట్టలేదు. జైనబీకి ఉన్నది ఆ ఇంట్లో కొలువే.

"ఏమే, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు ఖాదర్‌వలి పళ్ళ మధ్య నుంచి.

ఆమె అతని వైపు చూడలేదు. "లైను కట్టుకోండి అనింది మౌజా అమ్మ. మా గదికి కూడా చోటు చూపించింది. బాడుగ సంగతి తర్వాత అనింది. ఒకటే మాట అడిగింది. వంటమనిషిని పంపితే ఇయ్యనంట. తమ్ముడే వచ్చి, తన గడప మీద నిలబడి, నోరు తెరిచి అడగాలంట."

ఖల్ఫాన్ అర్బాబ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచాడు. గుమ్మం వైపు నడిచి, వంగి, విప్పిన చెప్పుల గుట్టలో ఏదో వెతకసాగాడు. ఆయన చెప్పులూ అక్కడే ఉన్నాయి. ఆయన చేతికర్ర కూడా అక్కడే ఆనించి ఉంది. అక్క గడపకు బయల్దేరడానికో, జైనబీ చెప్పులు బయట పడేయడానికో, వెనక నిలబడ్డ వాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు.